1991 ఏడో ఆట: లోనీ స్మిత్ ఆగకుండా పరిగెత్తి ఉంటే?

బేస్_తప్పిన_బాటసారి
1991 బేస్‌బాల్ వరల్డ్ సిరీస్ (అమెరికా మేజర్ లీగుల ఫైనల్) ఏడో ఆట. అక్టోబర్ 27, మినియాపోలిస్ మెట్రోడోమ్. మిన్నెసోటా ట్విన్స్ 1, అట్లాంటా బ్రేవ్స్ 0, పది ఇన్నింగ్స్. దీని గురించి ఎక్కడ చూసినా ఒకటే పాట: ఎనిమిదో ఇన్నింగ్స్‌లో లోనీ స్మిత్ రెండో బేస్ దగ్గర నిలబడిపోయాడు, అట్లాంటా కొంప మునిగింది. నాకు మింగుడుపడనిది ఏంటంటే, అతను ఆగిన తర్వాత కూడా రెండో బేస్ మీద ఒకడు, మూడో బేస్ మీద ఒకడు ఉన్నారు. అవుట్లు సున్నా. ఆ తర్వాత గాంట్, జస్టిస్, బ్రీమ్ వరసగా వచ్చారు. ఒక్క రన్ను రాలేదు. మరి ముప్ఫై ఏళ్ళకు పైగా తిట్లన్నీ స్మిత్ ఒక్కడి ఖాతాలోనే ఎందుకు రాస్తున్నారు?

పీచ్‌ట్రీ_పిల్లాడు
తిట్లు అతనివే, అతనికే రావాలి. మొదటి బేస్ మీద ఉన్నవాడు పిచర్ బంతి వేస్తుండగానే పరుగు అందుకున్నాడు. పెండిల్టన్ కొట్టిన బంతి ఎడమ మధ్య గోడ దాకా వెళ్ళింది. అలా బయల్దేరినవాడు ఆ డబుల్‌కి (కొట్టినవాడు రెండో బేస్ దాకా వెళ్ళే హిట్) నడుచుకుంటూ వచ్చినా ఇంటికి, అంటే హోమ్ ప్లేట్‌కి, చేరాలి. చేరలేదు. ఇంక చర్చ ఏముంది?

సిల్లీ_మిడాన్
తొమ్మిది ఇన్నింగ్స్ అయ్యాక స్కోరు 0-0 అంటే మా క్రికెట్లో జనం కుర్చీలు విరగ్గొడతారు. దీన్ని గొప్ప ఆట అంటారేంటి బాబూ?

చెత్తసంచి_గోడ
@సిల్లీ_మిడాన్ ఒక వికెట్టు, ఒక పరుగు, ఆఖరి ఓవరు, మూడు గంటల ఇరవై నిమిషాల పాటు అదే ఆఖరి ఓవరు అనుకో. అదీ ఈ ఆట.

స్కోరుబుక్కు
ముందు ఎనిమిదో ఇన్నింగ్స్ పైసగం (అట్లాంటా బ్యాటింగ్; కిందిసగం ట్విన్స్‌ది) వరసగా రాస్తా, తర్వాత కొట్టుకుందాం.

స్మిత్: సింగిల్ (మొదటి బేస్ దాకా హిట్). పూర్తిగా తిప్పిన బ్యాట్ కూడా కాదు, సగం స్వింగ్.
పెండిల్టన్: డబుల్, ఎడమ మధ్యలోకి. స్మిత్ మూడో బేస్ దగ్గర ఆగాడు.
గాంట్: నేల మీద మెత్తగా మొదటి బేస్ వైపు. ట్విన్స్ మొదటి బేస్‌మన్ హర్బెక్ అందుకున్నాడు, గాంట్ అవుట్. రన్నర్లు కదల్లేదు.
జస్టిస్: కావాలని వాక్ (కొట్టకుండానే మొదటి బేస్) ఇచ్చారు. బేసులన్నీ నిండాయి.
బ్రీమ్: మళ్ళీ హర్బెక్ చేతికే. 3-2-3 డబుల్ ప్లే, అంటే ఒకే బంతికి రెండు అవుట్లు. మూడు అవుట్లు అయ్యాయి, ఇన్నింగ్స్ ఖతం.

రన్నర్లు రెండు, మూడులో, అవుట్లు సున్నా అంటే మేజర్ లీగుల్లో పదింట ఎనిమిది సార్లకు పైగా కనీసం ఒక రన్ వస్తుంది. ఆ ఎనిమిదిలో ఇది పడలేదు. కాబట్టి బాటసారి గారి ప్రశ్న అల్లాటప్పా ప్రశ్న కాదు.

సిల్లీ_మిడాన్
3-2-3 ఏంటి, ఫోన్ నంబరా?

స్కోరుబుక్కు
ఫీల్డర్ల నంబర్లు. పిచర్ 1, క్యాచర్ 2, మొదటి బేస్ 3, రెండో బేస్ 4, మూడో బేస్ 5, షార్ట్‌స్టాప్ 6, తర్వాత ఎడమ నుంచి కుడికి 7, 8, 9. షార్ట్‌స్టాప్ రెండు, మూడు బేసుల మధ్య నిలబడినా 5 కాదు, 6. కొత్తగా స్కోరు రాసేవాళ్ళు అందరూ అక్కడే తప్పుతారు. 3-2-3 అంటే మొదటి బేస్‌మన్ బంతి పట్టి ఇంటి దగ్గర క్యాచర్‌కి విసిరాడు, క్యాచర్ తిరిగి మొదటి బేస్‌కి విసిరాడు. చొక్కా వెనక నంబర్లతో దీనికి సంబంధం లేదు.

మూడోబేస్_కోచ్
స్మిత్ విషయంలో రెండు వేరు వేరు తప్పుల్ని కలిపి కొడుతున్నారు. విడగొట్టి చూడండి.

మొదటి తప్పు: బంతి బ్యాట్‌కి తగిలినప్పుడు అటు చూడలేదు. స్టీల్‌కి (పిచర్ బంతి వేస్తుండగానే తర్వాతి బేస్‌కి) పరిగెత్తేవాడు తల దించుకుని పరిగెత్తకూడదు. రెండో అడుగుకో మూడో అడుగుకో ఒక్కసారి ఎడమ భుజం మీదుగా ప్లేట్ వైపు చూపు వేయాలి. దానికి అర క్షణం కూడా పట్టదు, వేగం పెద్దగా తగ్గదు. ఆ చూపు వేస్తే మూడిట్లో ఏదో తెలిసిపోతుంది: నేల మీదా, గాల్లోనా, అసలు తగల్లేదా. స్మిత్ ఆ చూపు వేయలేదు. మామూలు మైదానంలో అయితే బ్యాట్ చప్పుడన్నా చెవిన పడేది. ఆ రోజు మెట్రోడోమ్‌లో 55 వేల మంది మూసిన పైకప్పు కింద అరుస్తున్నారు. చెవి పనిచేయదు. కన్ను వేయలేదు. ఇంకేం మిగిలింది?

రెండో తప్పు: రెండో బేస్ చేరాక ఫీల్డర్లను చూసి ఆలోచించడం. చూపు పోగొట్టుకున్న రన్నర్‌కి ఒకే ఒక్క దిక్కు మూడో బేస్ కోచ్. అతను ప్లేట్‌నీ, గోడనీ, బంతినీ ఒకేసారి చూడగలిగిన చోట నిలబడి ఉంటాడు, అందుకే అతన్ని అక్కడ పెట్టారు. ఎదుటి జట్టువాడు నీకు మేలు కోరి నటించడు కదా.

మొదటిది అతని అలవాటు లోపం. రెండోది ఆ క్షణంలో జరిగింది. జనం రెండోదాన్నే తిడతారు, అసలు మూలం మొదటిది.

పీచ్‌ట్రీ_పిల్లాడు
@మూడోబేస్_కోచ్ నాబ్లాక్, గాగ్నీ వేసిన నాటకం సంగతి చెప్పకుండా వదిలేశారే.

మూడోబేస్_కోచ్
వస్తున్నా. రెండో బేస్‌మన్ నాబ్లాక్ బంతి తన దగ్గరికి దొర్లుకుంటూ వచ్చినట్టు వంగి, పట్టినట్టు నటించి, గాగ్నీకి విసిరినట్టు చెయ్యి ఊపాడు. షార్ట్‌స్టాప్ గాగ్నీ బేస్ మీదకి వచ్చి అందుకోబోతున్నట్టు నిలబడ్డాడు. ఉత్తుత్తి డబుల్ ప్లే. చేతిలో బంతి లేదు, అది అప్పటికి గోడ దగ్గర ఉంది.

ఇది పండడానికి కారణం ఏంటంటే, రన్నర్ కదిలినప్పుడు మధ్యలో ఉన్న ఇద్దరిలో ఒకడు ఎలాగూ బేస్ మీదకి రావాలి. కాబట్టి వాళ్ళ కదలిక కొత్తగా అనిపించదు. నటన రన్నర్ తల ఎత్తే సరికి మొదలై ఉండాలి, అతను బేస్ చేరేసరికి ముగియాలి. ఆలస్యమైతే రన్నర్‌కి అవుట్‌ఫీల్డర్ల వీపులు కనబడిపోతాయి. వీపు కనబడితే బంతి వెనక పడిందని పిల్లాడికి కూడా తెలుస్తుంది.

చెత్తసంచి_గోడ
స్మిత్ తర్వాత చెప్పుకున్నది వేరు కదా. నాటకానికి పడిపోలేదు, బంతి ఎక్కడుందో తెలియలేదు, ఎవడన్నా పట్టాడేమో చూసుకుందామని ఆగాను అని.

మూడోబేస్_కోచ్
అవును, ఆ మాటకి బలం కూడా ఉంది. నిజంగా డబుల్ ప్లే అని నమ్మినవాడు రెండో బేస్‌లోకి స్లైడ్ చేస్తాడు. స్మిత్ స్లైడ్ చేయలేదు, నిలువుగా బేస్ దాటి అవతల ఆగాడు. అంటే నమ్మలేదు, కానీ అనుమానం పడ్డాడు. అనుమానం చాలు. ఆ ఆగిన కాస్తలో పని అయిపోయింది.

ఎడంచేతి_వాటం
నమ్మలేదు కానీ ఆగాడు. మా ఊళ్ళో దీన్నే దయ్యాల మీద నమ్మకం లేదు, రాత్రి ఆ చింతచెట్టు వైపు మాత్రం వెళ్ళను అంటారు.

బేస్_తప్పిన_బాటసారి
ఈ నటన రూల్స్ ప్రకారం ఒప్పేనా? పిల్లల ఆటల్లో అంపైర్లు దీన్ని ఆపుతారని విన్నాను.

మూడోబేస్_కోచ్
రెండు రకాలు. బంతి లేకుండా రన్నర్‌కి గ్లౌ తగిలించినట్టు నటించడం ఒకటి. అమెరికా హైస్కూల్ రూల్స్‌లో దాన్ని అడ్డగింపు కింద తీసుకుంటారు, రన్నర్‌కి బేస్ ఇస్తారు. కారణం గాయాలు: ఆఖరి క్షణంలో స్లైడ్‌కి దిగినవాడి మోకాలు, చీలమండ పోతాయి. నాబ్లాక్ చేసింది అది కాదు. దూరంగా నిలబడి పట్టినట్టు, విసిరినట్టు నటించాడు, రన్నర్ దారికి అడ్డం రాలేదు. ఏ తప్పూ లేదు.

స్కోరుబుక్కు
నా వాదన మాత్రం బాటసారి గారి వైపే. స్మిత్ ఇంటికి వచ్చి ఉంటే 1-0, రెండో బేస్ మీద పెండిల్టన్, అవుట్లు సున్నా. గెలుపు దగ్గర పడేది, అంతే. ట్విన్స్‌కి ఇంకా ఆరు అవుట్లు చేతిలో ఉన్నాయి. వాళ్ళు అదే ఎనిమిదో ఇన్నింగ్స్‌లో బేసులు నింపారు, తొమ్మిదిలో మొదటి ఇద్దరూ బేసెక్కారు.

పీచ్‌ట్రీ_పిల్లాడు
నింపారు, తొమ్మిదిలో ఎక్కారు, ఒక్కటీ తేలేదు. కాబట్టి 1-0 తో అట్లాంటా గెలిచేది. మీ లెక్కే మీకు ఎదురు తిరిగింది.

స్కోరుబుక్కు
కాదు బాబూ. ఒక రన్ వెనకబడి ఉంటే ట్విన్స్ అదే ఆట ఆడరు. 0-0 దగ్గర వాక్ ఇచ్చే పిచర్ 1-0 దగ్గర ఇవ్వడు, బంట్ చేసేవాడు (బ్యాట్ అడ్డం పెట్టి బంతిని మెత్తగా తట్టేవాడు) బ్యాట్ ఊపుతాడు. ఒక ముక్క మార్చి మిగతా ముక్కల్ని అలాగే ఉంచడం కుదరదు.

సిల్లీ_మిడాన్
ఇది మాకు బాగా తెలిసిన జబ్బు. "ఆ క్యాచ్ పట్టి ఉంటే" జబ్బు.

ఫోర్క్‌బాల్
మీరంతా స్మిత్ చుట్టూ తిరుగుతున్నారు. ఆ ఇన్నింగ్స్‌లో అసలు పని చేసినవాడు మౌండ్ (పిచర్ నిలబడే దిబ్బ) మీద ఉన్నాడు. జాక్ మోరిస్ ఆ రోజు 10 ఇన్నింగ్స్, 126 పిచ్‌లు, 7 హిట్లు, 2 వాక్‌లు, 8 స్ట్రైకవుట్లు (మూడు స్ట్రైకులతో అవుట్), 0 రన్లు. ఆ రెండు వాక్‌లలో ఒకటి జస్టిస్‌కి కావాలని ఇచ్చిందే. వయసు 36. అదీ మూడు రోజుల విశ్రాంతితో: అక్టోబర్ 19న మొదటి ఆట, 23న నాలుగో ఆట, 27న ఇది. మూడూ కలిపి 23 ఇన్నింగ్స్, తొమ్మిది ఇన్నింగ్స్‌కి ఇచ్చిన రన్ల సగటు 1.17. సిరీస్ ఉత్తమ ఆటగాడి బహుమతి అతనికే ఇచ్చారు.

అతని ఆయుధం పేరే నా పేరు. బంతిని చూపుడువేలు, నడిమివేలు మధ్య వెడల్పుగా ఇరికించి, చెయ్యి మాత్రం ఫాస్ట్‌బాల్ వేగంతోనే తిప్పాలి. వేళ్ళు పక్కలకు ఉండడం వల్ల బంతికి వెనక్కి తిరిగే స్పిన్ తగ్గుతుంది, బ్యాటర్ దగ్గరికి వచ్చాక కిందకి జారుతుంది. బ్యాటర్ ఫాస్ట్‌బాల్ అనుకుని ఊపితే బంతి నెత్తి మీద కొడతాడు, అది నేల మీద దొర్లుతుంది. మూడో బేస్ మీద రన్నర్ ఉన్నప్పుడు పిచర్‌కి కావలసింది సరిగ్గా అదే: స్ట్రైకవుట్, లేదంటే నేల మీద మెత్తటి బంతి. గాల్లోకి లోతుగా లేస్తే రన్ పోయినట్టే.

దీంట్లో రెండు చిక్కులున్నాయి. వేళ్ళు అలిసిపోతే పట్టు తప్పుతుంది, బంతి కిందకి జారకుండా నడుము ఎత్తులో వేలాడుతుంది, దాన్ని ఎవడైనా గోడ దాటిస్తాడు. రెండోది, మరీ కింద పడితే మట్టిలో తగిలి క్యాచర్‌ని దాటిపోతుంది, మూడో బేస్‌వాడు నడిచి ఇంటికొస్తాడు. అలాంటి చోట ఫోర్క్‌బాల్ వేయాలంటే క్యాచర్ బ్రయాన్ హార్పర్ ఛాతీ అడ్డం పెడతాడని పిచర్‌కి నమ్మకం ఉండాలి.

ఎడంచేతి_వాటం
@ఫోర్క్‌బాల్ వేళ్ళు అంత వెడల్పుగా చాపితే పట్టేసేవి కావూ?

ఫోర్క్‌బాల్
పడతాయి. అందుకే చిన్న చేతులున్నవాళ్ళకి దీన్ని నేర్పకూడదు. మోచేతి మీద కూడా బరువు పడుతుంది. పిల్లలకి ముందు చేంజప్ (నెమ్మదిగా వచ్చే బంతి) నేర్పండి.

బేస్_తప్పిన_బాటసారి
జస్టిస్‌కి వాక్ ఎందుకు ఇచ్చారో కాస్త విప్పి చెప్పండి. బేసులు నింపడం అంటే గొయ్యి తవ్వుకోవడం కాదా?

స్కోరుబుక్కు
రెండు, మూడు బేసుల్లో మాత్రమే మనుషులుంటే ఇంటికొచ్చే స్మిత్‌ని బంతి ఉన్న చేత్తో తాకి అవుట్ చేయాలి. మొదటి బేస్ కూడా నింపితే అతను తప్పనిసరిగా కదలాలి, క్యాచర్ ప్లేట్ మీద కాలు పెట్టి బంతి పడితే చాలు. పైగా ఒక అవుట్ ఉంది కాబట్టి ఒక్క గ్రౌండర్‌తో (నేల మీద దొర్లే బంతితో) ఇన్నింగ్స్ ముగించే వీలు వచ్చింది. తర్వాత వచ్చేవాడు సిడ్ బ్రీమ్, మోకాలి ఆపరేషన్లు అయిన మనిషి, జట్టులో నెమ్మదిగా పరిగెత్తేవాళ్ళలో ముందుంటాడు. డేవిడ్ జస్టిస్ కంటే బ్రీమ్‌తో తలపడడమే మేలు అనుకున్నాడు మేనేజర్ టామ్ కెల్లీ.

నష్టం కూడా చిన్నది కాదు. ఇక ఒక్క వాక్ ఇచ్చినా రన్ వచ్చేస్తుంది. పిచర్ స్ట్రైక్ వేయక తప్పదు, బ్యాటర్‌కి ఆ సంగతి తెలుసు. అప్పట్లో కావాలని వాక్ అంటే నాలుగు బంతులు నిజంగా విసరాల్సిందే. 2017 నుంచి మేనేజర్ చెయ్యి చూపిస్తే చాలు.

మూడోబేస్_కోచ్
ఆ 3-2-3 ఎంత కష్టమో చెప్పకపోతే హర్బెక్‌కి అన్యాయం.

హర్బెక్ కుడిచేత్తో విసిరేవాడు. మొదటి బేస్‌మన్ కుడిచేతివాడైతే రెండో బేస్‌కి విసరడానికి ఒళ్ళు తిప్పాలి, ఇంటి వైపు మాత్రం ఎదురుగానే. కాబట్టి మొదటి విసురు తేలిక. తర్వాతే అసలు పని: విసిరిన వెంటనే వెనక్కి పరిగెత్తి బేస్ వెతుక్కోవాలి, కన్ను మాత్రం క్యాచర్ మీద. బాగా ముందుకొచ్చి బంతి పట్టి ఉంటే తను బేస్ చేరలేడు, అప్పుడు రెండో బేస్‌మన్ వచ్చి నిలబడాలి, స్కోరుబుక్కులో అది 3-2-4 అవుతుంది. హర్బెక్ తనే చేరాడు.

క్యాచర్ వైపు: హార్పర్ ప్లేట్ తాకి, స్మిత్ స్లైడ్ నుంచి తప్పుకుని, ఒక అడుగు మైదానం లోపలికి వేసి విసరాలి. తిన్నగా గీత మీద నుంచి విసిరితే బంతి బ్రీమ్ వీపుకి తగులుతుంది. అప్పటి రూల్ ప్రకారం రన్నర్ కూడా మొదటి బేస్‌కి ఆఖరి 45 అడుగులు గీతకి బయట గీసిన సందులోనే పరిగెత్తాలి, లోపలికి వచ్చి విసురుకి అడ్డమైతే అవుట్ (2024లో మేజర్ లీగుల్లో ఆ సందుని లోపలి వైపుకి వెడల్పు చేశారు). ఇక్కడ విసురు శుభ్రంగా వెళ్ళింది, బ్రీమ్ ఇంకా దూరంలోనే ఉన్నాడు.

పీచ్‌ట్రీ_పిల్లాడు
అదే బ్రీమ్ మరుసటి ఏడాది, 1992 అక్టోబర్ 14న, పిట్స్‌బర్గ్ మీద ఏడో ఆట ఆఖరి బంతికి రెండో బేస్ నుంచి అదే మోకాళ్ళతో ఇంటికొచ్చి జట్టుని గెలిపించాడు. బ్యారీ బాండ్స్ విసురు కొంచెంలో తప్పింది. ఈ చర్చలో బ్రీమ్‌ని నత్త అనేవాళ్ళు అది కూడా గుర్తుపెట్టుకోవాలి.

ఎడంచేతి_వాటం
నత్తే. కాకపోతే సమయానికి వచ్చిన నత్త.

చెత్తసంచి_గోడ
హర్బెక్ అంటే గుర్తొచ్చింది. రెండో ఆటలో గాంట్ మొదటి బేస్ మీద నిలబడి ఉండగా కాలు పట్టుకుని ఎత్తి బేస్ మీద నుంచి దించి ట్యాగ్ చేశాడు, అంపైర్ అవుట్ ఇచ్చాడు. అట్లాంటావాళ్ళు దాన్ని ఇప్పటికీ మర్చిపోలేదు.

పీచ్‌ట్రీ_పిల్లాడు
మర్చిపోం. ఆ ఆట 3-2 తో పోయింది. నువ్వు ఆ సంగతి ఎత్తకుండా ఉంటే బావుండేది.

స్కోరుబుక్కు
గొడవ పక్కన పెట్టి ఎనిమిదో ఇన్నింగ్స్ కిందిసగం చూడండి, ఎవరూ దాని ఊసెత్తడం లేదు.

రాండీ బుష్ గాగ్నీ బదులు వచ్చి సింగిల్ కొట్టాడు. అతని బదులు ఆల్ న్యూమన్ పరిగెత్తాడు. గ్లాడెన్ అవుట్. నాబ్లాక్ సింగిల్, న్యూమన్ మూడో బేస్‌కి. అప్పటిదాకా 7 ఇన్నింగ్స్ పైన మూడో వంతు ఒక్క రన్నూ ఇవ్వని అట్లాంటా పిచర్ జాన్ స్మోల్ట్స్‌ని మేనేజర్ బాబీ కాక్స్ తప్పించి ఎడమచేతి స్టాంటన్‌ని తెచ్చాడు. పకెట్‌కి కావాలని వాక్. బేసులు నిండాయి, ఒక్క అవుట్. ట్విన్స్‌కి లోతైన ఫ్లై బాల్ ఒకటి చాలు. హర్బెక్ రెండో బేస్‌మన్ లెమ్‌కీ వైపు గాల్లోకి మెత్తగా కొట్టాడు. లెమ్‌కీ పట్టి, రెండో బేస్ తొక్కాడు. డబుల్ ప్లే.

రెండో బేస్ నుంచి బయటికొచ్చి తిరిగి చేరలేకపోయింది ఎవరో తెలుసా? నాబ్లాక్.

ఎడంచేతి_వాటం
స్మిత్‌ని ఆపిన చోటే?

స్కోరుబుక్కు
అదే బేస్. అదే ఇన్నింగ్స్.

మూడోబేస్_కోచ్
దాన్ని తప్పు అని మరీ గట్టిగా అనలేం. ఒక అవుట్ ఉన్నప్పుడు లైన్ డ్రైవ్‌కి (గాల్లో తిన్నగా వెళ్ళే బంతికి) రన్నర్ ముందు ఆగాలి, బంతి లోపలివాళ్ళని దాటిందని చూశాకే కదలాలి. ఇది అందరికీ నేర్పేదే. కానీ మెత్తటి లైన్ డ్రైవ్ చూడ్డానికి పడిపోయేలా ఉంటుంది. కొంచెం ముందుకు వంగినా తిరిగి రాలేవు, ఎందుకంటే పట్టినవాడు బేస్ పక్కనే ఉన్నాడు.

పీచ్‌ట్రీ_పిల్లాడు
స్మిత్‌ని మూడు దశాబ్దాలు తిట్టారు, నాబ్లాక్‌ని ఎవడూ తిట్టలేదు.

చెత్తసంచి_గోడ
గెలిచాం కదా.

స్కోరుబుక్కు
తొమ్మిదిలో కూడా అదే కథ. చిలీ డేవిస్ సింగిల్, అతని బదులు జార్విస్ బ్రౌన్ పరుగుకి. హార్పర్ బంట్ కొట్టి బేసెక్కాడు, ఆ బంతికి పరిగెత్తిన స్టాంటన్‌కి నడుము పట్టేసింది, అలెహాంద్రో పెన్యా వచ్చాడు. షేన్ మ్యాక్ గ్రౌండర్, 4-6-3 డబుల్ ప్లే. పాగ్లియరులోకి వాక్. పాల్ సొరెంటో స్ట్రైకవుట్. ఎనిమిది పైసగం నుంచి తొమ్మిది కిందిసగం దాకా ఇరు జట్లవీ కలిపి మూడు డబుల్ ప్లేలు. ఈ ఆటని 0-0 గా ఉంచింది అవే. స్మిత్ తప్పు వాటి ముందు చిన్నది కాదు, కానీ ఒంటరిది కాదు.

ఇంకోటి, ఐదో ఇన్నింగ్స్ ఎవరికీ గుర్తుండదు. లెమ్‌కీ సింగిల్, బెలియార్డ్ బంట్‌తో అతన్ని ముందుకు జరిపాడు, స్మిత్ స్వయంగా బంట్ కొట్టి బేసెక్కాడు. మొదటి, మూడో బేసుల్లో మనుషులు, ఒక్క అవుట్. పెండిల్టన్ గాల్లోకి చిన్న పాపప్, గాంట్ బ్యాట్ ఊపకుండా స్ట్రైకవుట్. ఆ ఇన్నింగ్స్‌లో స్మిత్ తన పని తను చేశాడు. చేయనివాళ్ళు వేరే.

బేస్_తప్పిన_బాటసారి
ఇదే నేను అడిగింది! ఐదో ఇన్నింగ్స్ సంగతి తట్టనే లేదు.

పీచ్‌ట్రీ_పిల్లాడు
సరే, గాంట్‌కి కూడా సగం రాసుకోండి. రెండుసార్లూ వాడే. అయినా గాంట్ చేసింది ఆటలో ఓడడం, మోరిస్ మంచి బంతి వేశాడు. స్మిత్‌ది ఎవడూ బంతి వేయకుండా జరిగిన తప్పు. ఆ తేడా నేను వదలను.

సిల్లీ_మిడాన్
అది మాత్రం న్యాయం. బౌల్డ్ అయినవాణ్ణి క్షమిస్తాం, నిద్రపోయి రనౌట్ అయినవాణ్ణి క్షమించం.

ఫోర్క్‌బాల్
పదో ఇన్నింగ్స్‌కి మోరిస్‌ని మళ్ళీ పంపడం ఈ రోజుల్లో జరగదు. తొమ్మిది అయ్యాక కెల్లీ చాలు అన్నాడు, మోరిస్ దిగనన్నాడు, కెల్లీ సరేనని వదిలేశాడు. రిలీవర్ (బదులు వచ్చే పిచర్) అగిలేరా ముందురోజు ఆరో ఆటలో రెండు ఇన్నింగ్స్ వేసి ఉన్నాడు, అదీ ఒక కారణమే అని నా అనుమానం. మోరిస్ పదిలో వరసగా ముగ్గుర్నీ పంపేశాడు.

తమాషా ఏంటంటే ఎదుటి పిచర్ స్మోల్ట్స్ మిషిగన్‌లో పెరిగాడు, మోరిస్ డెట్రాయిట్‌కి ఆడే రోజుల్లో అతన్ని చూస్తూ పెరిగాడు. తర్వాత ఇద్దరూ హాల్ ఆఫ్ ఫేమ్‌కి వెళ్ళారు, స్మోల్ట్స్ 2015, మోరిస్ 2018. శిష్యుడే ముందు.

సిల్లీ_మిడాన్
మరి ఆ ఒక్క రన్ ఎలా వచ్చింది? అది ఎవడూ చెప్పలేదు ఇప్పటిదాకా.

చెత్తసంచి_గోడ
దానికోసమే కాచుకుని ఉన్నా. పదో ఇన్నింగ్స్ కిందిసగం, పెన్యా బౌలింగ్, సారీ, పిచింగ్. డాన్ గ్లాడెన్ బ్యాట్ విరిగింది, బంతి మాత్రం ఎడమ మధ్యలో పడి కృత్రిమ గడ్డి మీద ఎత్తుగా లేచింది. మామూలు గడ్డి మీద అది సింగిల్. ఆ కార్పెట్ కింద గట్టి నేల ఉండడంతో బంతి పైకి లేచి దిగేలోపు గ్లాడెన్ ఆగకుండా రెండో బేస్‌కి చేరాడు. తల ఎత్తి బంతిని చూస్తూ పరిగెత్తాడు, గమనించండి.

నాబ్లాక్ బంట్ కొట్టి అతన్ని మూడో బేస్‌కి పంపాడు. పకెట్‌కి, హర్బెక్‌కి వరసగా కావాలని వాక్. మళ్ళీ బేసులు నిండాయి, ఒక్క అవుట్. తర్వాతి స్థానం మామూలుగా చిలీ డేవిస్‌ది, కానీ అతన్ని తొమ్మిదిలోనే తీసేశారు కదా, ఆ చోట జార్విస్ బ్రౌన్ ఉన్నాడు. అందుకే జీన్ లార్కిన్ వచ్చాడు. రెండు చేతుల బ్యాటర్, కుడిచేతి పెన్యాకి ఎదురుగా ఎడమవైపు నిలబడ్డాడు. మోకాలు బాగాలేదు.

మూడోబేస్_కోచ్
ఇక్కడ అవుట్‌ఫీల్డ్ ఎక్కడ నిలబడిందో చూడాలి. లోతైన ఫ్లై పడితే గ్లాడెన్ ఎలాగూ వస్తాడు, కాబట్టి లోతుగా నిలబడి పట్టినా లాభం లేదు. అందుకే ముగ్గుర్నీ ముందుకు లాగారు, చిన్న ఫ్లైకి గ్లాడెన్ కదిలితే విసిరి పట్టుకోవచ్చని. లోపలివాళ్ళు ఇంటికి విసిరే దూరంలో ఉన్నారు. అట్లాంటా కోరుకున్నది గ్రౌండర్: లార్కిన్ కుంటుతున్నాడు, డబుల్ ప్లే దొరుకుతుంది. లెక్క తప్పు కాదు.

చెత్తసంచి_గోడ
మొదటి పిచ్. లార్కిన్ ఎడమ మధ్యలోకి గాల్లోకి లేపాడు, ఎడమ ఫీల్డర్ బ్రయాన్ హంటర్ తల మీదుగా. మామూలు చోట నిలబడి ఉంటే ఆ బంతి ఎవరో ఒకరు పట్టేవారు. అప్పుడు కూడా గ్లాడెన్ వచ్చేవాడే. రెండు కాళ్ళతో ప్లేట్ మీదకి గెంతాడు.

ఎడంచేతి_వాటం
లార్కిన్ కొలంబియా యూనివర్సిటీలో చదివాడు, లూ గెరిగ్ చదివిన చోటే. ఇది ఎవరికి పనికొస్తుందో తెలియదు, రాసేశాను.

ఫోర్క్‌బాల్
పాతవాటిలో దీనికి జోడీ 1962. ఏడో ఆట 1-0 తో ముగిసింది అంతకుముందు అప్పుడే. యాంకీస్, జెయింట్స్, క్యాండిల్‌స్టిక్ పార్క్. యాంకీస్ రన్ డబుల్ ప్లే గ్రౌండర్ మీద వచ్చింది. తొమ్మిదిలో ఇద్దరు అవుట్ అయ్యాక మేస్ డబుల్ కొట్టాడు, మ్యాటీ అలూ మొదటి బేస్ నుంచి వచ్చి మూడోలో ఆగాడు. తర్వాత మెకోవీ కొట్టిన గట్టి లైన్ డ్రైవ్ రిచర్డ్‌సన్ చేతిలో పడింది. అక్కడ ఆపింది కోచ్. తడి గడ్డి బంతిని ఆపింది, రోజర్ మారిస్ త్వరగా అందుకున్నాడు. జనం అప్పుడూ ఆగినవాడి గురించే వాదించారు.

పీచ్‌ట్రీ_పిల్లాడు
అలూని ఆపడం సరైన నిర్ణయం అని చాలామంది ఒప్పుకుంటారు. స్మిత్‌ని ఎవరూ ఆపలేదు. పోలిక కుదరదు.

ఫోర్క్‌బాల్
కుదరకపోతే పోనీ. రెండూ 1-0, రెండిట్లోనూ మూడో బేస్ దగ్గర ఆగిన రన్నర్ ఇంటికి చేరలేదు, అంతవరకే.

సిల్లీ_మిడాన్
స్కోరుబుక్కు మాస్టారూ, లెమ్‌కీ పట్టి తనే బేస్ తొక్కితే నంబర్లు ఎలా రాయాలి? 4-4 అనా?

స్కోరుబుక్కు
కాదు. హర్బెక్ గడిలో లైన్ డ్రైవ్, 4 అని రాసి అవుట్ 2 అని గుండ్రం చుట్టు. నాబ్లాక్ గడిలో మొదటి, రెండో బేసుల మధ్య గీత అయ్యాక అడ్డంగా కొట్టేసి, 4 పక్కన "ఒంటరిగా" అని రాసి అవుట్ 3 చుట్టు. ఇద్దరి గడుల్నీ ఒక వంపు గీతతో కలిపితే డబుల్ ప్లే. పెన్సిల్‌తో రాయి, పెన్ను వద్దు. పదో ఇన్నింగ్స్ వస్తే గడి మిగిలి ఉండదు, పక్క పేజీలోకి వెళ్ళాలి.

సిల్లీ_మిడాన్
మరి స్మిత్ గడిలో? మూడో బేస్ దాకా గీసి వదిలేయాలా?

స్కోరుబుక్కు
లేదు, అతను ఇంటి దగ్గర అవుట్. మూడో బేస్ దాకా గీత, అక్కడి నుంచి ప్లేట్ వైపు సగం గీసి అడ్డం కొట్టి 3-2, అవుట్ 2. బ్రీమ్ గడిలో 3-2-3, అవుట్ 3. రెండో బేస్ దగ్గర ఆగాడని రాయడానికి స్కోరుబుక్కులో గుర్తు లేదు.

పీచ్‌ట్రీ_పిల్లాడు
నా బుక్కులో ఉంది.